గార్మిన్ ఈట్రెక్స్ 10: వానకాలం గుట్టల్లో డబ్బా వెతకడానికి ఎంత పనికొస్తుంది

ఎవరో దాచిన డబ్బాను జీపీఎస్ అంకెల ఆధారంగా వెతికే ఆట జియోక్యాచింగ్. దానికి ఫోన్ చాలదా అంటే, ఎండకాలంలో చాలు. జూలై నుంచి నవంబరు దాకా రాచకొండ, దేవరకొండ గుట్టలెక్కేటప్పుడు మాత్రం లెక్క మారుతుంది. చినుకులు పడితే టచ్ తెర దానంతటదే జూమ్ అవుతుంది, తడివేలు పెడితే పలకదు. ఈట్రెక్స్ 10 అనే ఈ చేతి జీపీఎస్ పరికరానికి టచ్ లేదు. పక్కన బటన్లు, ముందు బొటనవేలితో తోసే చిన్న మీట. 2.2 అంగుళాల నలుపు తెలుపు తెర మిట్టమధ్యాహ్నం పరుపుబండ మీద నిలబడ్డా చదవొచ్చు. ఐపీఎక్స్7 రకం కాబట్టి మీటరు లోతు నీళ్లలో అరగంట పడి ఉన్నా తట్టుకోవాలి. రబ్బరు మూత సరిగ్గా నొక్కి ఉంటేనే సుమా.

మోడల్ 2011 నాటిది, పాతదే. యూఎస్‌బీ కూడా పాత మినీ రకం, ఇప్పటి ఫోన్ కేబుల్ పట్టదు. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు కేబుల్ ఇస్తున్నారో లేదో ముందే అడగండి. డబ్బా జాడ ఉండే జీపీఎక్స్ ఫైలును పరికరంలో గార్మిన్ ఫోల్డర్‌లోని జీపీఎక్స్ ఫోల్డర్‌లో వేస్తే డబ్బా వివరాలు, ఆనవాలు, అంతకుముందు వెతికినవాళ్ల రాతలు తెర మీదే చదువుకోవచ్చు. విడిగా మ్యాపులు ఎక్కించుకునే వీలు లేదు. చెరువు, ఒర్రె, కంచె ఏదీ సరిగా కనిపించదు. అందుకే ఫోన్‌లో ఆఫ్‌లైన్ మ్యాప్ పెట్టుకుని సంచిలో ఉంచుకోవడం తప్పదు.

దీంట్లో అసలు లోపం, అంటే ముందే తెలిసి కొనాల్సినది, ఎలక్ట్రానిక్ దిక్సూచి లేకపోవడం. ఈట్రెక్స్ 30లో ఉంది, దీంట్లో లేదు. మీరు నడుస్తుంటేనే ఎటు పోతున్నారో దీనికి తెలుస్తుంది. నిలబడితే డబ్బా వైపు చూపే బాణం ఎటో తిరిగిపోతుంది. చెల్కలో నడిచేటప్పుడు ఇబ్బంది లేదు. మోకాలి దాకా దిగబడే జాలు నేలలో, అడుగు తీసి అడుగు వేయడానికే నిమిషం పట్టేచోట, బాణాన్ని నమ్మితే ఊబి మధ్యకు పోయి దిక్కులు చూడాల్సిందే. ఉపాయం ఒకటే: గట్టి నేల మీద పది పదిహేను అడుగులు చకచకా నడిచి, బాణం కుదురుకున్నాక ఆ దిశలో ఒక గుర్తు పట్టుకోండి. తాటిచెట్టో, నెర్రె బారిన గుండో ఏదైనా సరే. ఆ తర్వాత పరికరం జేబులో పెట్టి గుర్తు వైపు నడవండి. చేతికి చౌకరకం దిక్సూచి ఉన్నా మేలే.

రెండో చిక్కు, బాణం చూపేది కాకిదారి. గుట్ట కింద కుంట ఉంటే అది శిఖంలోంచి చూపిస్తుంది, మీరు కట్ట మీదుగా చుట్టి పోవాలి. మన దగ్గర ఈ జాలు ఎందుకు పడుతుందంటే, పైన మట్టి పలుచన, కింద ఏకబండ. వాననీళ్లు ఇంకి, బండకు తగిలి, గుట్ట అడుగున ఊటగా బయటికొస్తాయి. వాన వెలిసిన చాలా రోజుల తర్వాత కూడా అక్కడ నేల మెత్తగానే ఉంటుంది. చుట్టూ గడ్డి ఎండుతున్నా ఒకచోట తుంగ నిగనిగలాడుతుంటే అక్కడ కాలు పెట్టకండి. ముందు కర్రతో పొడవండి. జానెడు దిగితే నడవొచ్చు, మూరెడు దిగితే వెనక్కి తిరగండి. గమ్‌బూట్లు వద్దు, నీళ్లు నిండితే కాలు పైకి రాదు. నీళ్లు కారిపోయే జాలీ బూట్లు, బిగుతుగా కట్టిన లేసులు చాలు. తిరుగు ప్రయాణానికి ట్రాక్‌బ్యాక్ పెట్టుకుంటే పోయిన దారే వెనక్కి చూపిస్తుంది. ఒకసారి తొక్కి చూసిన నేల మీదుగానే రావచ్చు. ఈ పరికరంలో దీన్ని మించిన సౌకర్యం ఇంకోటి లేదు.

(ఈ ఆటకు పెద్దన్న పుట్టింది కూడా బురద కొండల్లోనే. ఇంగ్లండ్‌లోని డార్ట్‌మూర్‌లో 1854లో జేమ్స్ పెరాట్ అనే గైడు క్రాన్‌మియర్ పూల్ దగ్గర ఒక సీసా పెట్టి, వచ్చినవాళ్లు తమ చీటీలు అందులో వేసేలా చేశాడు. ఉపగ్రహాలతో ఆడే ఆట మొదలైంది 2000 మే 3న, అమెరికాలోని ఆరెగాన్‌లో.)

సెట్టింగులు రెండు చూసుకోండి. పొజిషన్ ఫార్మాట్, అంటే చోటును చెప్పే అంకెల పద్ధతి, డిగ్రీలు, దశాంశ నిమిషాలలో ఉండాలి. డేటం, అంటే భూమి మీద చోటును లెక్కగట్టే ఆధారం, డబ్ల్యూజీఎస్ 84 ఉండాలి. 41.500 నిమిషాలను 41 నిమిషాల 50 సెకన్లుగా కొడితే దాదాపు 600 మీటర్లు పక్కకు పోతారు, అంటే పక్క గుట్టే. డేటం పాత ఇండియన్ మీద ఉంటే వంద మీటర్లకు పైగా తేడా. చివరి అంకె ఒకటి మారితే మాత్రం రెండు మీటర్లలోపే, దానికి కంగారొద్దు.

ఆరుబయట 3 నుంచి 5 మీటర్ల దాకా దగ్గరికి తెస్తుంది. రాచకొండలో గుండు మీద గుండు పేర్చినట్టున్న సందుల్లో సంకేతం బండలకు కొట్టుకుని వస్తుంది కాబట్టి 15, 20 మీటర్లు తప్పినా ఆశ్చర్యం లేదు. అక్కడ పరికరం పని అయిపోయినట్టే, ఇక కళ్లతో వెతకాలి. సందులో చెయ్యి మాత్రం పెట్టకండి. ముందు టార్చి, తర్వాత కర్ర. తేళ్లు, రక్తపింజరలు చల్లటి సందులే వెతుక్కుంటాయి. పైన పెద్ద తేనెతుట్టె వేలాడుతుందేమో తల ఎత్తి చూడండి.

సెల్లుల సంగతి. కంపెనీ లెక్క 25 గంటలు, మంచి ఆల్కలైన్ సెల్లులకు. ఊరి కిరాణంలో దొరికే గడియారం సెల్లులు అందులో సగం కూడా రావు. రీచార్జి సెల్లులు వాడితే మెనూలో బ్యాటరీ రకం ఎన్ఐఎంహెచ్‌కు మార్చాలి, లేదంటే గీతలు తప్పు చూపిస్తాయి.

డబ్బా మీరే పెట్టేటట్టయితే తవ్వకండి, నేల యజమాని స్పష్టంగా ఒప్పుకోకుండా తవ్వి పూడ్చడం ఈ ఆట నియమాలకే విరుద్ధం. నేల యజమాని ఒప్పుకోవాలి, ఇంకో డబ్బాకు 161 మీటర్ల దూరం ఉండాలి. నాలుగు వైపులా క్లిప్పులున్న టిఫిన్ డబ్బా తీసుకోండి. లోపల జిప్ కవర్, సిలికా పొట్లం, పెన్సిల్ పెట్టండి. పెన్ను వద్దు, చెమ్మకు సిరా పారుతుంది. తినేవి పెడితే కోతులు పీకి పారేస్తాయి. అమ్రాబాద్ పులుల అడవిలో అటవీ శాఖ అనుమతి లేకుండా పెట్టే ఆలోచనే వద్దు.

ఇంకో మాట. పాత కోటల దగ్గర చేతిలో యంత్రం పట్టుకుని బండల సందుల్లో తొంగి చూసేవాణ్ని ఊరివాళ్లు గుప్తనిధుల కోసం వచ్చాడనే అనుకుంటారు, అందులో వాళ్ల తప్పేం లేదు. దిగువన మేకలు కాసే తాతనో, చాయ్ హోటల్ అన్ననో పలకరించి తెర చూపించి, ఇదీ ఆట అని చెప్పి ఎక్కండి. ఎటు ఎక్కితే జాలు తగలదో కూడా వాళ్లే చెబుతారు.