అరకు, లంబసింగి తోటల్లో ఫొటోలకు ఒక్కరోజు చాలదు

విశాఖ నుంచి అరకు 115 కిలోమీటర్లు. పొద్దున బయల్దేరి రాత్రికి ఇల్లు చేరొచ్చు, చాలామంది చేసేదీ అదే. చిక్కేమిటంటే బొర్రా గుహలు చూసుకుని పైకి వెళ్లేసరికి ఎండ నడినెత్తికి వస్తుంది. ఆ వేళ వలిసె (పసుపు పూల నూనెగింజ పంట) పూల మధ్య పిల్లల్ని నిలబెడితే కళ్ల కింద నల్లటి నీడలు, బుగ్గలకు పసుపు పూసినట్టు రంగు. పూల మీద పడ్డ వెలుతురు ముఖం మీదికి తిరగ్గొడుతుంది మరి. ఒక రాత్రి పైనే ఉంటే పొద్దున 8 లోపు, సాయంత్రం 4 తర్వాత పొలంలో ఉండొచ్చు.

నెల చూసుకోవడం ఇంకా ముఖ్యం. వలిసెలు సుమారుగా అక్టోబరు చివర నుంచి డిసెంబరు దాకా పూస్తాయి. కాఫీ పండ్ల కోత నవంబరు నుంచి జనవరి దాకా, లంబసింగి స్ట్రాబెర్రీ డిసెంబరు నుంచి. మూడూ ఒకే ప్రయాణంలో కావాలంటే డిసెంబరు మొదటి పక్షమే గతి. శని, ఆదివారాలు మాత్రం వద్దు, ఘాట్‌లో కార్ల వరుస కదలదు.

రైలా, కారా అంటే వెళ్లేటప్పుడు రైలు, తిరిగేటప్పుడు కారు. కొత్తవలస–కిరండూల్ లైనులో 58 సొరంగాలున్నాయి. పిల్లలు వాటిని లెక్కపెడుతూ కూర్చుంటారు, వాంతుల గోల ఉండదు. విస్టాడోమ్ పెట్టె (పెద్ద అద్దాల కిటికీలు, అద్దాల కప్పు ఉన్నది) కూర్చోడానికి బాగుంటుంది గానీ ఫొటోకు అద్దం అడ్డం. ఫోన్ లెన్సును అద్దానికి ఆనించి, ముదురు రంగు చొక్కా వేసుకుంటే ప్రతిబింబాలు తగ్గుతాయి. కారులోనే వెళ్లేవాళ్లు శృంగవరపుకోటలో ఇడ్లీతో సరిపెట్టుకోండి. అక్కణ్ణుంచి మలుపులే.

వలిసె పొలంలోకి దిగడానికి రైతులు కొద్దిగా డబ్బు అడుగుతారు, ఇవ్వడం న్యాయమే. అది నూనెగింజల పంట, తొక్కిన మొక్క గింజ కట్టదు. గట్టు మీదే నిలబడి, కెమెరాను పిల్లల కంటి ఎత్తుకు దించండి. ముందు పూలు, వెనక పూలు వచ్చి పిల్ల పొలం నడుమ ఉన్నట్టే పడుతుంది. కెమెరాలో వెలుతురు (ఎక్స్‌పోజర్) ఒక మెట్టు తగ్గించకపోతే రేకలు కలిసిపోయి పసుపు ముద్ద అవుతుంది. తేనెటీగలు చాలా ఉంటాయి, సెంటు కొట్టుకుని వెళ్లొద్దు.

మధ్యాహ్నం కాఫీ తోటకు పెట్టుకోవాలి, నీడ ఉండేది అక్కడే. అనంతగిరి వైపు సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి పాకిన మిరియాల తీగలు, కింద కాఫీ. ఆకుల సందుల్లోంచి పడే ఎండ మచ్చ ముఖం మీద పడితే ఫొటో పోయినట్టే, రెండడుగులు పక్కకు జరిపి నిండు నీడలో నిలబెట్టాలి. కొమ్మను దగ్గరగా చూడండి. ఒకే గుత్తిలో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు పండ్లుంటాయి. అన్నీ ఒకేసారి పండవు గనకే కోతకు మూడు నాలుగు సార్లు తిరుగుతారు. ఎర్ర పండు ఒకటి అడిగి తీసుకుని నొక్కితే జిగురుతో రెండు గింజలు జారి వస్తాయి. ఆ జిగురు తియ్యగా ఉంటుంది. పిల్లల ముఖాలు తీయాల్సింది అప్పుడే. పొడి కొనేటప్పుడు చికోరీ కలిపారా, ఫిల్టరుకు తగ్గట్టు ఆడించారా అని అడగండి.

బసకు పెద్దవాళ్లుంటే పర్యాటక సంస్థ హరిత గదులు నయం, నడక తక్కువ. వేడినీళ్లు ఏ వేళల్లో వస్తాయో చేరగానే కనుక్కోండి. లంబసింగి గుడారాలు కుర్రకారుకు సరే. తెల్లవారేసరికి లోపల గుడ్డకు మంచు చెమ్మ పట్టి దుప్పట్లు తడుస్తాయి, మరుగుదొడ్ల దగ్గర వరుస. చంటిపిల్లలతో వద్దు.

అరకు నుంచి పాడేరు, చింతపల్లి మీదుగా లంబసింగికి సగం పూట వదులుకోవాలి. పొగమంచును ఫోన్ బూడిదరంగుగా చూపిస్తుంది, వెలుతురు ఒక మెట్టు పెంచితే తెల్లబడుతుంది. చల్లగా ఉన్న కెమెరాతో నలుగురున్న కారెక్కితే లెన్సు మసకబారుతుంది. ఎక్కేముందే జిప్ కవర్లో పెట్టి, ఎక్కాక పావుగంట ఆగి బయటికి తీయండి. చలికి బ్యాటరీ త్వరగా దిగుతుంది, రెండోది లోపలి జేబులో ఉంచండి.

స్ట్రాబెర్రీ మడుల మీద ప్లాస్టిక్ షీటు, దాని కింద డ్రిప్ పైపులు, పిల్లలు కాలువల్లోనే నడవాలి. పండును లాగకూడదు, తొడిమను గోటితో గిల్లాలి. తొడిమ దగ్గర తెల్లగా ఉన్నవి వదిలేయండి, కోశాక రంగు తిరిగినా తీపి పెరగదు. డబ్బాలో రెండు వరుసలకు మించితే విశాఖ చేరేలోపే అడుగున రసం. కడగడం తినేముందే.