కనుమకి పొట్టేళ్ళు నేరుగా కొన్నాం, మునిగాం. మీరైనా జాగ్రత్త

మాది గుంటూరు, బ్రాడీపేటలో ఎనిమిది ఇళ్ళున్న చిన్న అపార్టుమెంటు. కనుమ రోజు మటన్ కొట్ల దగ్గర ఎలా ఉంటుందో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. పోయినేడు తెల్లారుజామునే వెళ్ళి గంటన్నర నిలబడితే, చివరికి మెడ ముక్కలు, కొవ్వు కలిపి అంటగట్టాడు. ఆ మంటతోనే ఈసారి ఊళ్ళల్లోలాగా పొట్టేళ్ళే కొనేసి పోగులు వేసి పంచుకుందాం అన్నాను. ఐడియా నాదే, ఇంటింటికీ తిరిగి డబ్బులు వసూలు చేసిందీ నేనే. అందుకే ఈ పోస్టు కూడా నేనే రాయాల్సి వస్తోంది.

సత్తెనపల్లి రోడ్డులో ఒకాయన గొర్రెలు పెంచుతున్నాడని తెలిసి ఆదివారం వెళ్ళాం. ఆయన పేరు, ఊరు రాయను. ఏ పద్ధతిలో ముంచాడో తెలిస్తే మీకు చాలు. షెడ్డు శుభ్రంగా ఉంది, మాటలు అంతకంటే శుభ్రంగా ఉన్నాయి. "మధ్యలో దళారీ లేడు సార్, కొట్టోడికి పోసే డబ్బులు మీ జేబులోనే ఉంటాయి" అన్నాడు. మూడు పొట్టేళ్ళు ఎంచుకున్నాం. మాచర్ల రకం, తెల్లటి ఒంటి మీద పెద్ద పెద్ద నల్ల మచ్చలు. ఒకదానికి ఎడమ కన్ను చుట్టూ గుండ్రంగా నలుపు ఉంటే మా చిన్నోడు దానికి కళ్ళజోడు అని పేరు కూడా పెట్టాడు. నోళ్ళు తెరిచి చూపించాడు. కింది దవడలో ముందు రెండు పెద్ద పళ్ళు, మిగతావన్నీ పాలపళ్ళు. రెండు పళ్ళంటే ఏడాది దాటి ఏడాదిన్నర లోపు, లేత మాంసం. అంతవరకు మాకూ తెలుసు.

దూలానికి వేలాడే డిజిటల్ కాంటా మీద మూడూ కలిపి 96 కేజీలు తూగాయి. కేజీ 420 చొప్పున 40,320 రూపాయలు. "సగానికి సగం మాంసం దిగుద్ది సార్" అన్నాడు. అంటే 48 కేజీలు. కోత కూలి 2,400 కలిపినా కేజీ 890 పడుతుంది. కొట్లో అప్పుడు 950. తలకాయలు, కాళ్ళు, బోటీ ఊరికే వచ్చినట్టు. కారులోనే లెక్కేసుకుని తెగ మురిసిపోయాం.

ఆ తూకం ఎంత బోగస్సో తర్వాత నరసరావుపేట దగ్గర ఉండే మా చిన్నాన్న చెబితే తెలిసింది. ఆయన చాలా ఏళ్ళు జీవాలు కాసిన మనిషి. "ఎన్ని గంటలకి వెళ్ళార్రా?" అన్నాడు. పదింటికి అన్నాను. ఒకటే నవ్వు. "మేపి, ఉప్పేసిన తవుడు పెట్టి, కడుపు పగిలేలా నీళ్ళు తాగించి కాంటా ఎక్కించాడు. కేజీ 420 పెట్టి నీళ్ళు కొన్నారు మీరు" అన్నాడు. నెమరేసే జీవం కదా, 32 కేజీల పొట్టేలు కడుపులో మేత, నీళ్ళే నాలుగైదు కేజీలు తేలిగ్గా ఉంటాయట. తెలిసినవాళ్ళు రాత్రే మేత ఆపించి, తెల్లారగానే పరగడుపున తూకం వేయిస్తారు. మేమేమో ఇంట్లో టిఫిన్ చేసి బయల్దేరాం. అక్కడ అవి కూడా చేసే ఉన్నాయి. పొట్టలు డప్పుల్లా బిగిసి ఉంటే బాగా బలిశాయి అనుకున్నాం. కాంటా మీద తూనికలు కొలతల వాళ్ళ ముద్ర ఉందో లేదో కూడా చూడలేదు.

ఇంతకంటే పెద్ద పొరపాటు వాటిని అక్కడే వదిలేసి రావడం. "అపార్టుమెంట్లో ఎక్కడ కట్టేస్తారు సార్, నా దగ్గరే ఉండనీయండి. కనుమనాడు నాలుగున్నరకల్లా తోలుకొచ్చి మీ కళ్ళ ముందే కోయిస్తా" అన్నాడు. సబబుగానే అనిపించింది. కోత కూలితో సహా మొత్తం ఫోన్‌పేలో కొట్టేశాం. చెవికి దారమో, కొమ్ముకి కాస్త రంగో, గుర్తు మాత్రం ఏదీ పెట్టలేదు.

కనుమ రోజు నాలుగున్నరకి రాలేదు. ఐదింటికి ఫోన్ చేస్తే దారిలో ఉన్నా అన్నాడు. ఆరున్నరకి ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. అందులో పొట్టేళ్ళు లేవు, మూడు ప్లాస్టిక్ గోతాలున్నాయి. "రష్షు సార్, కోసేవాడు దొరకట్లేదు, అక్కడే కోయించి ముక్కలు కూడా కొట్టించేశా" అన్నాడు. తోళ్ళేవి అంటే కోసినోడు తీసుకుపోయాడట. తలకాయలూ కాళ్ళూ కాల్పించి మరీ తెచ్చాడు. ఎనిమిది ఇళ్ళవాళ్ళు గిన్నెలు పట్టుకుని మెట్ల మీద నిలబడి ఉన్నారు, ఇళ్ళల్లో మసాలా నూరడం కూడా అయిపోయింది. ఆ టైములో పేచీ ఎవరు పెడతారు? ఆయన లెక్కేసుకుంది కూడా అదేనని నా అనుమానం.

మా కాంటా మీద తూస్తే మాంసం 36 కేజీల 500 గ్రాములు. "కొవ్వు తీసేశా సార్, తరుగు పోద్ది" అన్నాడు. తరుగు పోతుంది, కాదనను. మరి సగానికి సగం అన్న మాట ఎవరిది? మేం కట్టింది మొత్తం 42,720. కేజీ 1,170 పడింది. కొట్టువాడు మెడ ముక్కలు కలిపి మోసం చేసినా 950కే చేసేవాడు.

డబ్బు సంగతి అలా ఉంచితే, ముక్క ఉడకలేదు. మా ఇంట్లో ఆరు విజిల్స్, ఎనిమిది, పది. నమిలితే రబ్బరు. రెండో అంతస్తు వదినగారు ఫోన్ చేసి "అన్నయ్యగారూ, మీకు ఉడికిందా?" అని అడిగినప్పుడు నా ముఖం మీరు చూడాల్సింది. ఆయనకి ఫోన్ చేస్తే "వేడి మాంసం ఫ్రీజర్లో పెట్టుంటారు సార్, బిగుసుకుపోద్ది" అన్నాడు. నిజమే, అప్పుడే కోసిన మాంసాన్ని నేరుగా ఫ్రీజర్లో పెడితే గట్టిపడుతుంది. కానీ మాది గోతంలోంచి కుక్కర్లోకే వెళ్ళింది.

గుట్టు బయటపెట్టింది మా అత్తయ్యగారు. ఆవిడ పుట్టిల్లు మాచర్ల వైపు. సింకు దగ్గర తలకాయలు కడుగుతూ "అల్లుడుగారూ, ఒకసారి ఇట్లా రండి" అని పిలిచారు. ఒక తల దవడ విప్పి పట్టుకున్నారు. ముందు పళ్ళు ఎనిమిదికి ఎనిమిదీ వచ్చేసి, అరిగి, రెండు ఊడిపోయి సందులు కనబడుతున్నాయి. తర్వాత నా వేలు పట్టుకుని ఆ నెత్తి మీద రాయించారు. నున్నగా ఉంది. మన వైపు పొట్టేళ్ళకి కొమ్ములుంటాయి, ఆడ గొర్రెలకి సాధారణంగా ఉండవు. దీనికి కొమ్ము నరికిన మొదలే లేదు. "ఇది పొట్టేలు కాదు నాయనా, ఈని ఈని మానేసిన ముసలి గొర్రె" అన్నారు. మిగతా రెండు తలల్లో ఒకటి నాలుగు పళ్ళది, ఇంకొకటి ఆరు పళ్ళది. మేం ఎంచుకున్న రెండు పళ్ళది ఒక్కటీ లేదు. కాలిస్తే ఒంటి రంగు పోతుంది కానీ పళ్ళు ఎక్కడికి పోతాయి?

ఫోటోలు పంపితే "పండగ పూట గొడవెందుకు సార్" అంటూ 2,000 వెనక్కి వేసి నన్ను బ్లాక్ చేశాడు. ఇంటికి 250 రూపాయలన్నమాట. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, కానీ ఫిర్యాదు చేద్దామన్నా మా చేతిలో ఫోన్‌పే స్క్రీన్‌షాట్ తప్ప ఏమీ లేదు. ఎన్ని పళ్ళవి, ఎంత బరువు, ఎక్కడ కోయాలి అన్నవన్నీ నోటిమాటలే. కనీసం వాట్సాప్‌లో ఒక్క మెసేజ్ పెట్టించుకున్నా బాగుండేది.

పెంచేవాళ్ళందరూ ఇలాంటివాళ్ళే అనను, మా చిన్నాన్నే ఆ పని చేసినవాడు. కొనాలనుకుంటే ఆయన చెప్పినట్టు బతికున్న తూకానికి ఒప్పుకోకండి. కోసి తూచిన మాంసానికి కేజీ ఇంత అని మాట్లాడుకోండి, రేటు కాస్త ఎక్కువైనా సరే. అప్పుడు నీళ్ళు తాగించినా వాడికి లాభం లేదు. బతికున్న తూకమే అంటే పరగడుపున వేయించండి. కాంటా మీద అనుమానముంటే 26 కేజీల బియ్యం బస్తా ఒకటి కారులో వేసుకెళ్ళి ముందు దాన్ని తూయించండి. సిగ్గుపడాల్సిన పనేం లేదు. అడ్వాన్సు తప్ప పైసా ఎక్కువ ఇవ్వొద్దు. కోసి తెస్తానంటే వద్దనండి, తోలుకీ తలకీ ఇంకా సంబంధం ఉండగానే చూడండి.

ఇంకొకటి, ఇది మాకూ చెంపపెట్టే. ఊళ్ళో ఎక్కడ పడితే అక్కడ కోయించడం అసలు చట్టప్రకారం కుదరదు. 2001 నాటి నిబంధనల ప్రకారం మున్సిపాలిటీ పరిధిలో గుర్తింపు ఉన్న కబేళాలోనే కోయాలి, ముందు పశువైద్యుడు చూడాలి. మేం సెల్లార్‌లో కోయించుకుందాం అనుకున్నాం, అదీ తప్పే. మాకు వచ్చిన ఆ ముసలి గొర్రె రోగంతో ఉందో, చచ్చాక కోశారో చెప్పేవాళ్ళెవరూ లేరు. మా ఇంట్లో ఆ మాంసం పారబోశాం.

ఆయన నన్ను బ్లాక్ చేశాడు కానీ మూడో అంతస్తు కుర్రాణ్ణి మర్చిపోయినట్టున్నాడు. నిన్న రాత్రి వాడు ఫోన్ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. ఆయన స్టేటస్ అది. "బక్రీదుకి ముందే బుక్ చేసుకోండి, నేరుగా రైతు నుంచి" అని రాసి, కింద ఒక పొట్టేలు ఫోటో పెట్టాడు. ఎడమ కన్ను చుట్టూ గుండ్రంగా నలుపు. మా చిన్నోడు చూసి "నాన్నా, కళ్ళజోడు బతికే ఉంది!" అని ఒకటే గంతులు.