మ్యాన్ డిఫెన్సా, జోన్ డిఫెన్సా: అల్టిమేట్‌లో ఏది మేలు?

అల్టిమేట్ అంటే ఫ్రిస్బీ డిస్క్‌ను తమవాళ్లకు విసురుకుంటూ వెళ్లి, మైదానం చివరున్న ఎండ్‌జోన్‌లో పట్టుకుని పాయింట్ కొట్టే ఆట; జట్టుకు ఏడుగురు. ఇందులో డిస్క్ పట్టుకున్నవాళ్లు పరుగెత్తడానికి లేదు. 10 సెకన్లలోపు విసిరేయాలి. ఆ సెకన్లను పైకి లెక్కపెట్టేది కూడా డిఫెన్స్ వాళ్లే. ఇంత బలం చేతిలో ఉండి కూడా చాలా జట్లు "ఎవరి మనిషిని వాళ్లు పట్టుకోండి" అని చెప్పేసి డిఫెన్స్ గురించి ఇక మాట్లాడవు. అక్కడే దెబ్బతింటాయి. ఒక్కొక్కరూ ఒక్కో ప్రత్యర్థిని కాసే మ్యాన్ ఆడినా, ఒక్కో చోటును కాసే జోన్ ఆడినా, మైదానంలో ఏ భాగాన్ని వదిలేయాలో, ఏ భాగాన్ని మూసేయాలో ఏడుగురికీ ఒకేలా తెలిసి ఉండాలి.

ముందు మ్యాన్ సంగతి. ఇందులో అసలు ప్రాణం ఫోర్స్. డిస్క్ ఉన్న ఆటగాడి ముందు నిలబడే మార్కర్ ఒక పక్కను పూర్తిగా మూసేసి, రెండో పక్కకే విసిరేలా చేస్తాడు. మూసిన పక్క బ్రేక్ సైడ్, వదిలిన పక్క ఓపెన్ సైడ్. వెనక ఉన్న ఆరుగురూ ఆ మాట నమ్మి, తమ మనిషికి ఓపెన్ సైడ్ వైపు నిలబడతారు. ఒక్క బ్రేక్ త్రో మార్కర్‌ను దాటి వెళ్లిందంటే ఆ ఆరుగురూ ఒక్కసారిగా తప్పు పక్కన దొరికిపోతారు. నిందేమో ఆ పాస్ అందుకున్న ఆటగాణ్ని కాస్తున్నవాళ్ల మీద పడుతుంది! ఇది అన్యాయం. పాయింట్ పోయినప్పుడు ముందు మార్క్‌ను చూడండి. చేతులు చాచి కాళ్లు బిగదీసుకుని నిలబడ్డాడా, లేక మోకాళ్లు వంచి పాదాలు కదిపాడా? ఫేక్ చేయగానే దూకే మార్కర్ కంటే, పాదాలతో పక్కకు జరిగే మార్కర్ ఎంతో నయం. ఏ పక్కకు ఫోర్స్ చేయాలంటారా, కొత్త ప్రత్యర్థులైతే ఫోర్‌హ్యాండ్ పక్కకే. కొత్తవాళ్లలో ఎక్కువమందికి బ్యాక్‌హ్యాండే బాగా వస్తుంది.

మ్యాన్‌లో లోటు ఏంటంటే, ఒక్కరు వెనకబడినా అది నేరుగా పాయింట్‌గా మారుతుంది. అలుపు కూడా ఎక్కువ, ఎందుకంటే ఎటు పరుగెత్తాలో ముందే తెలిసేది కట్టర్‌కే, అంటే పాస్ అందుకోవడానికి పరుగెత్తే ప్రత్యర్థికే.

జోన్‌లో లెక్క వేరు. మామూలుగా ముగ్గురు డిస్క్ చుట్టూ కప్‌లా నిలబడతారు, వాళ్ల వెనక మధ్యలో ఒకరు, రెండు అంచుల్లో ఇద్దరు, అందరికంటే వెనక డీప్‌లో ఒకరు. కప్‌లో మార్కర్ ఒక్కరికే డిస్క్ దగ్గర నిలబడే హక్కు. మిగతా ఇద్దరూ, తమకు దగ్గర్లో కాయాల్సిన ప్రత్యర్థి ఎవరూ లేకపోతే, 3 మీటర్ల అవతలే ఉండాలి. రిఫరీ లేని ఆట కాబట్టి ఈ దూరం పాటించడం మన నిజాయితీకే వదిలేశారు. దగ్గరికి వచ్చేశారని ఎదుటివాళ్ల నుంచి "డబుల్ టీమ్" అని పిలుపు వచ్చాక సర్దుకోవడం కాదు, ముందే సరిగ్గా నిలబడాలి.

జోన్ విలువ గాలి రోజున తెలుస్తుంది. ఒక మ్యాచ్‌లో గాలి మా వెనక నుంచి వీస్తోంది, ప్రత్యర్థులు దానికి ఎదురుగా రావాలి. జోన్ వేశాం. కప్ వెనకున్న మా ఆటగాడు "ఎడమ, ఎడమ, ఇంకా" అని ఆపకుండా అరుస్తూ ముగ్గురినీ జరుపుతున్నాడు. లెక్క ఏడుకు వచ్చింది. దారి దొరక్క హ్యాండ్లర్ (వెనక ఉండి డిస్క్‌ను నడిపే ఆటగాడు) కప్ పైనుంచి హ్యామర్, అంటే తలమీదుగా తలకిందులుగా వెళ్లే త్రో, వేశాడు. గాలికి డిస్క్ పైకి లేచి ఆగినట్టయింది, డీప్‌లో ఉన్నవాడు పరుగున వచ్చి కొట్టేశాడు. తర్వాత మళ్లీ వాళ్లు గాలికి ఎదురు వచ్చిన ఒక పాయింట్‌కు ఆ అరిచేవాడు బయట కూర్చున్నాడు. అదే జోన్, అదే గాలి, కానీ ఎవరూ నోరు విప్పలేదు. నాలుగు పాస్‌ల్లో ఎండ్‌జోన్ చేరిపోయారు. కప్‌కు ముందు కనిపించేది డిస్క్ ఒక్కటే. వెనక ఎవరు ఖాళీగా ఉన్నారో చెప్పే గొంతు లేకపోతే ఆ ముగ్గురూ గుడ్డిగా పరుగెడుతున్నట్టే.

గాలి లేని రోజున, ఓపికగా డిస్క్‌ను 37 మీటర్ల వెడల్పునా అటూ ఇటూ తిప్పే హ్యాండ్లర్లు ఉంటే జోన్ త్వరగా నీరుగారిపోతుంది. నాలుగైదు స్వింగ్‌లకే కప్ కాళ్లు లాగేస్తాయి. ఇంకో ఇబ్బంది, జోన్ నిలబెట్టడానికి టైం కావాలి. మన డిస్క్ కింద పడి వాళ్ల చేతికి వెళ్లిన క్షణంలో ఆ టైం ఉండదు. అప్పుడు దగ్గరున్న మనిషిని పట్టుకోవడమే దారి. పాయింట్ మొదట్లో ఎదుటివాళ్లకు దూరంగా డిస్క్ విసిరే పుల్ వేసినప్పుడైతే, డిస్క్ గాల్లో ఉన్నంతసేపూ పరుగెత్తి చోటు చూసుకోవచ్చు.

రెండూ కలిపి, మొదటి నాలుగైదు పాస్‌లు జోన్ ఆడి, ఒక్క కేకతో మ్యాన్‌కు మారే జట్లూ ఉన్నాయి. ఎదుటివాళ్లను బాగా తికమక పెడుతుంది. కానీ మారే ఆ రెండు సెకన్లలో ఒకరి మీద ఇద్దరు పడి, ఇంకొకరు ఒంటరిగా మిగిలిపోతారు. ఏడాది కలిసి ఆడని జట్టుకు ఇది నేను చెప్పను.

కొత్త జట్టు నన్నడిగితే మ్యాన్‌కే ఓటు వేస్తాను, అదీ మ్యాచ్ అంతా ఒకే పక్కకు ఫోర్స్‌తో. గాలి గట్టిగా ఉన్నప్పుడు, ప్రత్యర్థులు దానికి ఎదురు వస్తుంటే, పుల్ తర్వాత మాత్రమే జోన్. ఆ జోన్‌లో బాగా పరుగెత్తేవాళ్లను కప్‌లో పెట్టండి. అందరికంటే గట్టిగా, ఆపకుండా మాట్లాడే మనిషిని మాత్రం వాళ్ల వెనక మధ్యలో నిలబెట్టండి, పరుగు కాస్త తక్కువైనా సరే.