ఎంఎస్ పేషెంట్లకు ఫిజియోథెరపీ ప్యాకేజీ అంటే ముందే డబ్బు కట్టకండి (గుంటూరు)

ఇంట్లో మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్ - మెదడు, వెన్నుపాములోని నరాలు దెబ్బతినే జబ్బు) ఉన్నవాళ్లు ఫిజియోథెరపీ సెంటర్ వెతుకుతుంటే ఇది చదవండి. సెంటర్ పేరు రాయడం లేదు.

మా అక్కకు ఎంఎస్. ఎడమ కాలు ఈడుస్తుంది, మధ్యాహ్నానికల్లా నీరసం కమ్మేస్తుంది. మందులతో పాటు ఫిజియోథెరపీ చేయించమని న్యూరాలజిస్ట్ చెప్పారు. ఇంటికి దగ్గరని గుంటూరులోనే ఒక చోటికి వెళ్తే, రిపోర్టులు తెరవకముందే మూడు నెలల ప్యాకేజీ కాగితం చేతిలో పెట్టారు. "మొత్తం ఒకేసారి కడితే తగ్గిస్తాం సార్, నరాలు మళ్లీ మామూలైపోతాయి" అన్నారు. బావగారు కట్టేశారు.

అక్క ఎంత దూరం నడవగలదో, ఒంటికాలి మీద ఎంతసేపు నిలబడగలదో ఎవరూ చూడలేదు. పక్క మంచం మీద పక్షవాతం వచ్చిన పెద్దాయనకు ఏం చేస్తే ఈమెకూ అదే. కాళ్లకు హాట్ ప్యాక్, ఆ తర్వాత రేకుల గదిలో ఆపకుండా సైకిల్. అదీ మే నెలలో! గుంటూరు ఎండల సంగతి చెప్పాలా?

ఎంఎస్‌లో నరాల మీది మైలిన్ పొర దెబ్బతిని ఉంటుంది. ఒంట్లో వేడి కొంచెం పెరిగినా ఆ నరాల్లో సంకేతాలు తడబడతాయి. ఒళ్లు అలిసేలా శ్రమ చేస్తే ఎంఎస్ ఉన్నవాళ్ల చూపు కాసేపు మసకబారుతుందని జర్మన్ కంటి డాక్టర్ ఊట్‌హాఫ్ 1890లోనే రాశారు. పైగా స్పర్శ తగ్గిన కాలికి హాట్ ప్యాక్ పెడితే కాలినా తెలియదు. అక్క "కళ్లు మసకలు కమ్ముతున్నాయి" అంటే "అలవాటైపోతుంది, తొక్కండమ్మా" అన్నారట. ఇంటికొచ్చి ఒళ్లు చల్లబడ్డాక చూపు సర్దుకుంది. అది రిలాప్స్ (జబ్బు మళ్లీ తిరగబెట్టడం) కాదని డాక్టర్ గారు చెప్పేదాకా అందరికీ ఒకటే టెన్షన్. అలాంటి లక్షణం 24 గంటలు దాటినా తగ్గకపోతే మాత్రం వెంటనే చూపించాలన్నారు.

నాకు ఒళ్లు మండింది ఇంకో మాటకు. "మా థెరపీ ఉండగా అంత ఖరీదు ఇంజెక్షన్లు ఎందుకు?" అన్నారు. ఫిజియోథెరపీ జబ్బును ఆపదు, పోయిన మైలిన్‌ను తెప్పించదు. రిలాప్స్‌లు తగ్గించేవి మందులే. వాటిని మాన్పించే హక్కు వాళ్లకెక్కడిది? సరిగ్గా చేయిస్తే వ్యాయామంతో కండరాల బలం, బ్యాలెన్స్, నడక మెరుగుపడతాయి, నీరసం కూడా కొంత తగ్గుతుంది. ఆ మేలు తక్కువేం కాదు.

ఇప్పుడు విజయవాడలో న్యూరో కేసులు చూసే ఒక ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి వెళ్తున్నాం. మొదటి రోజే 25 అడుగుల దూరం నడిపించి స్టాప్‌వాచ్‌తో టైం రాసుకున్నారు. వ్యాయామాలు పొద్దున చల్లపూటే, మధ్య మధ్య విశ్రాంతి. వేళ్లు నేలకు తగిలి తూలకుండా పాదానికి స్ప్లింట్ ఇచ్చారు. వంటింట్లో నిలబడకుండా ఎత్తు స్టూల్ మీద కూర్చుని కూరలు తరుక్కోమన్నారు. అక్క ఇప్పుడు గోడ పట్టుకోకుండా బాత్రూంకి వెళ్లి వస్తోంది. ఇక్కడ ఫీజు ఏ రోజుకారోజే.

పాత సెంటర్ వాళ్లు మిగిలిన డబ్బు ఇవ్వం అంటున్నారు, రసీదు వెనక చిన్న అక్షరాల్లో అలాగే ఉంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాం. ఇంకా తేలలేదు.