టైటు మరకి ఏది మేలు: పేస్టా, ట్యాపా, మళ్లీ లేతు మీద కోతా?

కొత్త బ్యాక్ ప్లేటు (పని ముక్కని పట్టే చక్‌ని మోసే పళ్లెం) లేతు స్పిండిల్ (తిరిగే ఇరుసు) మీద రెండు మూడు మరలు ఎక్కి ఆగిపోతోంది, వాల్వు పేస్టు (రాపిడి గింజలున్న ముద్ద) రాసి తిప్పితే సరిపోదా అని ఆటోనగర్‌లో కొత్తగా లేతు పెట్టుకున్న కుర్రాళ్లు అడుగుతూనే ఉన్నారు. గుంటూరు షాపుల నుంచీ ఇదే ప్రశ్న.

ముందు ఎక్కడ పడుతోందో చూడండి. మొదట్లోనే పట్టేస్తే అంచున మిగిలిన పల్చటి సగం మర కావచ్చు, చాంఫర్ కొడితే, అంటే అంచుని ఏటవాలుగా కోస్తే, పోతుంది. ఎక్కేకొద్దీ బిగుస్తుంటే పిచ్ (మరకీ మరకీ మధ్య దూరం) తేడా. మొదటి నుంచీ ఒకే బిగువైతే మర లోతు చాలలేదు. కోణం కూడా చూడాలి. పాత లేతుల్లో 55 డిగ్రీల విట్‌వర్త్ (పాత బ్రిటిష్ పద్ధతి) మరలుంటాయి, మనం అలవాటుగా 60 డిగ్రీల టూలు పెట్టేస్తాం. 5/8 అంగుళం బోల్టుకి విట్‌వర్త్‌లోనూ, 60 డిగ్రీల అమెరికన్ పద్ధతి యు.ఎన్.సి.లోనూ అంగుళానికి 11 మరలే. లెక్క కలిసినా పక్కలు కలవవు.

పేస్టు చవక, ప్లేటు విప్పి కట్టే పని లేదు. ఉక్కు బోల్టుకి ఉక్కు నట్టయితే రుద్ది కిరసనాయిలుతో కడిగేయండి, నేను కాదనను. బ్యాక్ ప్లేటు మాత్రం పోత ఇనుము. రాపిడి గింజలు మెత్తటి లోహంలో గుచ్చుకుని కూర్చుని గట్టిదాన్ని కోస్తాయి. ల్యాపింగ్‌కి, అంటే రాపిడి ముద్దతో రుద్ది నున్న చేయడానికి, పోత ఇనుప ల్యాపు వాడేది అందుకే. అంటే అరిగేది ప్లేటు కాదు, మీ స్పిండిల్. ఎంత కడిగినా కొన్ని గింజలు ఆ ఇనుములోనే ఉండిపోయి, చక్ ఎక్కించిన ప్రతిసారీ కోస్తూనే ఉంటాయి. ప్లేటు పోతే ఇంకోటి పోయించుకోవచ్చు. స్పిండిల్ పోతే లేతే పోయినట్టు.

చిన్న స్టడ్లకి ట్యాపు (లోపలి మర కోసే పనిముట్టు) బాగుంటుంది. స్పిండిల్ సైజులో దొరకడం కష్టం, దొరికినా పాత స్పిండిల్ కొలత దానికి సరిపోతుందన్న నమ్మకం లేదు. స్పిండిల్ మీదే ఆకురాయి పెట్టే ఆలోచన అసలు వద్దు.

నా ఓటు మళ్లీ కోయడానికే. చక్‌ని మధ్యలో నిలబెట్టేది మర కాదు, దాని వెనక ఉన్న నున్నటి రిజిస్టరు (మర లేని గుండ్రటి భాగం), కాలరు ముఖం (ప్లేటు వచ్చి ఆనే అంచు). మర పని ప్లేటుని లాగి కాలరుకి ఆనించడం వరకే, కాబట్టి అది చేత్తో తిరిగేంత వదులుగా ఉండాలి. బిగుతు మర ప్లేటుని తనకి నచ్చిన వంకరలోకి లాగుతుంది. అప్పుడు కాలరు ఒక పక్కే ఆనుతుంది.

స్పిండిల్ మరని మూడు తీగలు పెట్టి మైక్రోమీటరుతో కొలిచి, అదే కొలతకి ఒక డమ్మీ ముక్క తయారుచేసుకోండి. ప్లేటుని నాలుగు దవడల చక్‌లో కట్టి బోరుకీ ముఖానికీ డయల్ (వంకర చూపే గేజి) పెట్టాలి. పాత గాడిలో టూలు సరిగ్గా దిగేలా పట్టుకుని కొంచెం కొంచెంగా కోయండి. లోతు పెంచకుండా ఒక పాసు తిప్పాకే డమ్మీ ఎక్కించి చూడండి. అది చేత్తో ఎక్కి ఆనితే ప్లేటుని స్పిండిల్‌కి కట్టి, చక్ కూర్చునే మెట్టుని అక్కడే, ఆ స్పిండిల్ మీదే కోయండి.