8085 కిట్లు కొనేవాళ్లూ, గాజువాక ఆయనతో జాగ్రత్త

నిన్న సాయంత్రం 6,500 పోసి తెచ్చిన బోర్డు ఇప్పుడు నా టేబుల్ మీద చచ్చి పడి ఉంది. ఒళ్లు మండిపోతోంది, అందుకే రాస్తున్నా.

వైజాగ్‌లో పాత బోర్డులు కొనే అలవాటున్నవాళ్లకి ఆయనెవరో చెప్పక్కర్లేదు. పేరు రాయను. 8085 ట్రైనర్ కిట్ (ఆ పాత ప్రాసెసర్ మీద ప్రోగ్రాములు కొట్టి నేర్చుకునే ల్యాబ్ బోర్డు), దానికి కరెంటిచ్చే ఎస్ఎంపీఎస్, స్టెప్పర్ మోటార్ కార్డు, ట్రాఫిక్ లైట్ కార్డు, ఎఫ్ఆర్‌సీ కేబుళ్లు, మాన్యువల్, అన్నీ కలిపి ఏడు వేలన్నాడు. కాలేజీ ల్యాబ్‌లో నలుగురం ఒక్క కిట్ మీద పడి కొట్టుకున్న రోజులు గుర్తొచ్చి ఎగేసుకుని వెళ్లాను.

వర్కింగ్ కండిషన్ అన్నది అబద్ధం కాదు. నా ముందే ఆన్ చేశాడు. 5కి 3 కలిపే ప్రోగ్రాం మెషిన్ కోడ్‌లో నేనే కొట్టాను, 3ఇ 05 06 03 80, జవాబు మెమరీలో 2050 దగ్గర పెట్టమని. చూస్తే 08. డిస్‌ప్లేలో ఎడమ నుంచి మూడో అంకె మసగ్గా ఉందని, రీసెట్ కీ పగిలిందని బేరమాడి 500 తగ్గించాను కూడా. పెద్ద మొనగాణ్ని మరి!

డబ్బు ఫోన్‌లో కొట్టేశాను. "కూర్చోండి బాబూ, బబుల్ షీట్ లోపలుంది, చుట్టి తెస్తా" అని బోర్డు పట్టుకుని లోపలికెళ్లాడు. వాళ్లావిడ టీ ఇచ్చారు. నేను తీరిగ్గా తాగుతూ కూర్చున్నా. లోపల టేపు చింపుతున్న చప్పుడు వినబడుతూనే ఉంది. ఒక్క బోర్డు చుట్టడానికి పది నిమిషాలేంటని తట్టలేదు చూడండి, అక్కడ తినింది నా బుద్ధి గడ్డి. పైగా అట్టపెట్టె మీద స్కెచ్ పెన్నుతో 'జాగ్రత్తగా పట్టుకోండి' అని రాసిచ్చాడని ముచ్చటపడ్డా.

సీతమ్మధార వచ్చి విప్పితే కీలన్నీ నున్నగా ఉన్నాయి. రీసెట్ కీ కూడా. 'అక్కడ చూసినప్పటికంటే బాగుందే' అని మురిసిపోయాను! ఆన్ చేస్తే డిస్‌ప్లేలో ఒక్క గీత వెలగలేదు. మీటరు పెడితే 5 వోల్టులు సరిగ్గానే వస్తున్నాయి. అప్పుడు ఈప్రామ్ వైపు, అంటే కిట్‌ని నడిపే ప్రోగ్రాం ఉండే చిప్పు వైపు చూశా. ఆయన చూపించినదాని మీద నీలం ఇంకుతో రాసిన స్టిక్కరుంది. దీని మీద ఏమీ లేదు, గాజు కిటికీ బోసిగా నన్నే చూస్తోంది. పొద్దున్నే ఫ్రెండ్ దగ్గర ప్రోగ్రామర్‌లో పెట్టి చదివించా. 2764 చిప్పు, 8 కేబీ, మొదటి బైటు నుంచి చివరిదాకా ఎఫ్ఎఫ్. అంటే ఖాళీ. 8085కి ఎఫ్ఎఫ్ అంటే ఆర్ఎస్‌టీ 7 అనే ఆదేశం. మెమరీలో 0038కి దూకుతుంది, అక్కడా ఎఫ్ఎఫే, మళ్లీ అక్కడికే దూకుతుంది. పాపం ప్రాసెసర్‌ది కూడా నా పరిస్థితే. కీలనీ డిస్‌ప్లేనీ నడిపే మానిటర్ ప్రోగ్రాం ఏదో ఒకటి ఎక్కిద్దామంటే ఒక్కో కంపెనీ కిట్‌ది ఒక్కో రకం.

ఫోన్ చేశా. "08 వచ్చింది మీరే కదండీ చూశారు? ఇంటికెళ్లి ఏం చేశారో నాకెలా తెలుస్తుంది?" అన్నాడు. సరే, పగిలిన రీసెట్ కీ రాత్రికి రాత్రి ఎలా అతుక్కుందండీ అని అడిగా.

"పగిలిందని అయిదొందలు తగ్గించుకున్నారు. మంచి కీ ఉన్నదిచ్చినా గొడవేనా?" అని పకపకా నవ్వాడు.

మార్చానని తన నోటితోనే చెప్పి నవ్వుతున్నాడు. నాకు మాట రాలేదు. తిట్టాల్సినవన్నీ ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చాయి. మళ్లీ చేస్తే బ్లాక్. రికార్డింగ్ లేదు, బిల్లు లేదు. డబ్బు పంపిన మెసేజ్ ఒక్కటే ఉంది. దాంట్లో వివరం దగ్గర నేను రాసింది 'థాంక్యూ సార్'.

కొనేవాళ్లు బోర్డు ఆన్ చేసి చూశాక ఇక చేతిలోంచి వదలకండి, పాత దుప్పటి పట్టుకెళ్లి మీరే చుట్టుకోండి. ఈప్రామ్ మీద స్టిక్కర్ ఫొటో తీసుకోండి.

మూడో అంకె మసగ్గా, రీసెట్ కీ పగిలి ఉన్న కిట్ మళ్లీ అమ్మకానికి కనిపిస్తే అది నాకు చూపించిందే. బాగానే పనిచేస్తుంది. టీ మాత్రం తాగకండి.