ఎరుపు రంగు పోయిందా: నెక్ బోర్డు రిపేరా, రెజువినేటరా?

నల్లగొండ, మిర్యాలగూడ దిక్కు పాత వీడియోగేమ్ మిషన్లు దాచుకున్నోళ్లకు చెప్తున్న, ఎరుపు రాకుంటే సీదా ట్యూబ్‌కి రెజువినేటర్ (బలహీనమైన పిక్చర్ ట్యూబ్‌కి మళ్ల బలం తెచ్చే మిషను) పెట్టించకుండ్రి. ముందుగాల మానిటర్ ఇన్‌పుట్ దగ్గర ఎరుపు, ఆకుపచ్చ వైర్లు అటుఇటు మార్చి చూడుండ్రి, ఇప్పుడు ఆకుపచ్చ మాయమైతే మానిటర్ మంచిగనే ఉన్నట్టు, లోపం గేమ్ బోర్డుల లేకుంటే వైరింగుల ఉంటది. ఎరుపే రాకుంటే నెక్ బోర్డు (ట్యూబ్ ఎనక మెడకు తగిలించిన సర్క్యూట్ బోర్డు) విప్పాలె, కానీ ఆనోడ్ (ట్యూబ్‌కి హై వోల్టేజ్ పోయే కాడ) డిశ్చార్జ్ చేయకుండ, అంటే అండ్ల మిగిలిన కరెంటు తీసేయకుండ, చెయ్యి పెట్టొద్దు, అండ్ల 20 వేల వోల్టుల కాడికి ఉంటది, పానం మీదికొస్తది. పగిలిన సోల్డర్, ఎరుపు రంగును నడిపే ట్రాన్సిస్టర్ చూస్తే చాలాసార్లు ఆడనే దొరుకుతది, ఖర్చు గూడ తక్కువ.

రెజువినేటర్ ట్యూబ్ గన్‌లోని క్యాథోడ్ (ఎలక్ట్రాన్లు ఇడిచే భాగం) పైపొరని ఎక్కువ కరెంటుతోని కాల్చి తీస్తది. గన్ బలహీనమై రంగు మబ్బుగ, ఆలస్యంగ వస్తుంటేనే పనికొస్తది, తేడా కొడితే గన్ మొత్తమే పోతది, అందుకే నా ఓటు నెక్ బోర్డుకే. మూలలకు రంగుల మచ్చలొస్తే మాత్రం ముందు డీగాస్ చేయుండ్రి, అంటే తెరకు పట్టిన అయస్కాంతం తీసేయుండ్రి.